పాత ఇంగ్లీషులో అలసటకు ఏ మాటలు ఉండేవి?

"పూర్వపు ఇంగ్లీషులో అలసటను ఏమనేవారు, ఇప్పటి టైర్డ్ ఎక్కడి నుంచి వచ్చింది" అని అడిగారు. ఎం.ఏ.లో నాకు పాత ఇంగ్లీషు ఒక పేపర్. వెయ్యేళ్ల కిందటి ఆ మాటల్లో కొన్ని ఇప్పటికీ నాకు బాగా గుర్తున్నాయి.

టైర్డ్‌కు మూలం 'టేయోరియన్' అనే క్రియ. శక్తి చాలక ఆగిపోవడం, అయిపోవడం అని దాని అర్థం. అలసటకు బాగా వాడిన మాట మాత్రం 'వేరిగ్', అంటే నేటి వియరీ. చివరి గ్‌ను య్‌లా పలకాలి. కవులు దాని ముందు ఇంకో మాట చేర్చి, ఎందుకు అలసిపోయారో కూడా చెప్పేసేవారు. 'మెదువేరిగ్' అంటే తేనెతో చేసిన మద్యం తాగి సోలిపోయినవాడు. 'గూద్‌వేరిగ్' అంటే యుద్ధంలో అలసినవాడు. బెయోవుల్ఫ్ అనే వీరుడి కథ చెప్పే పాత ఇంగ్లీషు కావ్యంలో, ప్రాణం పోయి పడి ఉన్న గ్రెండెల్ అనే రాక్షసుణ్ణి ఈ మాటతోనే వర్ణిస్తారు. మనకు బడలిక అనగానే ప్రయాణం గుర్తొచ్చినట్టు, వాళ్లకు ఒక్కో అలసటకూ ఒక్కో పేరు.

నాకు బాగా ఇష్టమైనది 'స్యామేదె'. సముద్రం మీద వచ్చి అలసినవాళ్లు అని. అదే కావ్యంలో బెయోవుల్ఫ్ మనుషులు ఓడ దిగి వచ్చి, డాళ్లు గోడకు ఆనించి, బల్లల మీద కూర్చుంటారు. క్లాసులో అర్థం రాసుకుని వదిలేశాను. పెళ్లయ్యాక మా ఆయన సరుకుల ఓడలో ఆరేసి నెలలు పనిచేసి విశాఖ వచ్చేవారు. బ్యాగు గోడ పక్కన పెట్టి, కాళ్లయినా కడుక్కోకుండా అలా కూర్చుండిపోయేవారు. ఆ పద్యం నాకు అప్పుడు అర్థమైంది.

'ఊఖ్త్‌చెఅరు' అనే మాటను కూడా అలసట పదాల్లో కలిపేయాలనిపిస్తుంది. నిజానికి అది దిగులు. ఊఖ్త్ అంటే తెల్లవారడానికి ముందు, మనం బ్రాహ్మీ ముహూర్తం అనే వేళకు దగ్గర. మనకు మిగిలిన పాత రాతల్లో ఇది ఒక్కచోటే కనిపిస్తుంది. భర్త అలలు దాటి వెళ్లిపోతే, ఇప్పుడు ఏ దేశంలో ఉన్నాడో అని ఒక భార్య తెల్లవారుజామున పడే బెంగ అది. ఓడ నుంచి ఫోన్ రాని రోజుల్లో నాకూ నాలుగింటికే మెలకువ వచ్చేది. వంటింట్లో లైటు వేసుకుని, ప్రపంచ పటంలో ఓడ ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో వేలు పెట్టి చూసుకునేదాన్ని.