రక్తహీనతకూ వరి, పత్తికీ సంబంధం ఉందా అంటే

"పంటలు పండే ఊళ్లలోనే ఆడవాళ్లకు, పిల్లలకు రక్తం ఎందుకు తక్కువ ఉంటోంది, వ్యవసాయ విధానాలకు దీంతో లింకుందా" అని అడిగారు. ఉంది. రక్తానికి కావాల్సిన ఇనుము పప్పులు, జొన్న, ఆకుకూరలతో ఇంట్లోకొచ్చేది, వరి, పత్తి పెరిగేసరికి అవి తగ్గిపోయాయి. మాది వరంగల్ దగ్గర పరకాల వైపు పల్లె, ఇప్పటికీ పత్తి, వరి వేస్తాం, కాబట్టి చూసిందే చెప్తున్నా.

మా నాయనమ్మ కాలంలో చెల్కల్లో (వాన మీద పండే మెట్ట భూముల్లో) జొన్న, మధ్యలో కంది సాళ్లు, పెసర, బొబ్బెర ఉండేవి. ముందు ఇంట్లోకి, మిగిలితే అంగడికి. జొన్న పోయేసరికి చొప్ప పోయింది, చొప్ప లేక బర్రెలను అమ్మేశారు, ఇప్పుడు చాయ్‌కి కూడా ప్యాకెట్ పాలే. వరిగడ్డి ఉంది కదా అంటారేమో, హార్వెస్టర్ కోసిన పొలంలో చాలామంది దాన్ని కాలబెట్టేస్తున్నారు.

ఎవరూ లెక్కలోకి తీసుకోనిది ఇంకోటుంది, గడ్డి మందు, అంటే కలుపును చంపే మందు. ఒకప్పుడు కలుపుకు పోయిన ఆడవాళ్లు సాయంత్రం ఒడి నిండా చెంచలికూర, తోటకూర, తుమ్మికూర తెంపుకొచ్చేవాళ్లు, ఆ పూటకు పైసా ఖర్చు లేని కూర. ఇప్పుడు కూలీలు దొరక్క, దొరికినా కూలి గిట్టక మందు కొట్టేస్తున్నాం. అక్కడక్కడా ఏదైనా మొలిచినా పత్తి మీద కొట్టిన పురుగు మందు దాని మీదా పడి ఉంటుంది కదా, ఎవరు తింటారు?

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. పిల్లల్లో అంతకుముందు సర్వేలో 61 శాతం దగ్గర ఉండేది. అంతా వరి, పత్తి వల్లే అనను, నులిపురుగులూ ఉంటాయి, అన్నం తినగానే చాయ్ తాగే అలవాటూ ఉంటుంది (తిన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు).

రైతుకు తెలివి లేక ఇవే వేస్తున్నాడని మాత్రం అనకండి. వడ్లను ఊళ్లోనే ఐకేపీ సెంటర్‌లో (మహిళా సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రంలో) కొంటారు, సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ పెట్టారు, బోరుకు 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. కందులకూ మద్దతు ధర ఉంది, వడ్ల కంటే చాలా ఎక్కువే, కానీ అమ్మాల్సిన టైముకు దగ్గర్లో కొనేవాడు లేకపోతే వ్యాపారి చెప్పిందే రేటు. జొన్న ఊళ్లో ఒక్కడే వేస్తే పిట్టలన్నీ వాడి చేన్లోనే వాలతాయి. పెరట్లో కూరగాయలు పెట్టుకుందామంటే కోతులు (పట్నంలో ఉన్నవాళ్లు నవ్వుతారు గానీ మా దగ్గర ఏ పంట వేయాలో సగం అవే డిసైడ్ చేస్తాయి).

రేషన్ బియ్యాన్ని తిట్టేవాళ్లతో నాకు పడదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో మా అమ్మను అడిగితే చెప్తుంది. ఇప్పుడు మనిషికి ఆరు కిలోలు ఫ్రీ, 2025 నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. బాధల్లా ఆ సంచిలో పప్పు లేకపోవడమే. 2013లో అమ్మహస్తం కింద 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చారు, అందులో కందిపప్పూ ఉండేది. తర్వాత అది ఆగిపోయింది.

అందుకే "చిరుధాన్యాలు తినండి" అనే ప్రచారం మీద నాకు నమ్మకం లేదు. వడ్లు కొన్నట్టే కందులు, పెసళ్లు, జొన్నలు ఊళ్లో కొని, వాటినే రేషన్ షాపులో, హాస్టళ్లలో ఇస్తే రైతే మళ్లీ వేస్తాడు, చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరైనా గర్భిణులుంటే మాత్రం ఇవన్నీ మారేదాకా ఆగకండి, అంగన్‌వాడీలో పేరు రాయించండి. ఆరోగ్య లక్ష్మి కింద ఒక పూట భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. మా వదినను మొహమాటపడకుండా రోజూ పంపాం.