పసుపు మరక పోయేదాకా డ్రయ్యర్ జోలికి వెళ్లకండి

అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లు వీసా, కారు, అద్దె ఇల్లు గురించి అడగడం అయ్యాక, కాస్త చనువు ఏర్పడితే బట్టల దగ్గరికి వస్తారు. "అక్కా, ఇక్కడ పసుపు మరకలు ఎందుకు పోవట్లేదు? ఉతికాక కూడా ఆ ఘాటు సెంటు వాసన ఏంటి?" అని. పిల్లల బట్టల విషయంలో ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ.

మన ఊళ్లో పసుపు మరకను వదిలించేది సబ్బు ఒక్కటే కాదు, ఎండ కూడా. పసుపులో ఉండే కర్కుమిన్ అనే రంగు వెలుతురుకు నిలవదు. దండెం మీద ఆరేస్తే దానంతట అదే వెలిసిపోయేది. ఇక్కడేమో వాషర్‌లోంచి తీసి నేరుగా డ్రయ్యర్‌లో పడేస్తాం. ఆ వేడికి మిగిలిన మరక, ముఖ్యంగా నూనె కలిసినది, బట్టను పట్టేసుకుంటుంది. అందుకే తడిబట్టను ఒకసారి వెలుతురులో చూడండి. మరక ఉంటే మళ్లీ నానబెట్టండి, అంతేగానీ డ్రయ్యర్‌లో వేయకండి. బాల్కనీలో బట్టలు ఆరేయొద్దని చాలా అపార్ట్‌మెంట్లలో రూలు ఉంటుంది. ఎండ పడే కిటికీ లోపల చిన్న స్టాండు పెట్టుకున్నా పని జరుగుతుంది.

సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రబడితే కంగారు పడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. తెల్ల కాటన్ అయితే ఆక్సీక్లీన్ లాంటి ఆక్సిజన్ బ్లీచ్‌ను వేడినీళ్లలో కలిపి కొన్ని గంటలు నాననివ్వండి. రంగు బట్టకైతే ముందు లోపలి అంచు మీద పరీక్షించండి. పట్టుకూ ఉన్నికీ ఇది పనికిరాదు. ఆవకాయ నూనె పడితే నీళ్లు తగలకముందే, పొడిబట్ట మీదే గిన్నెలు కడిగే డాన్ లాంటి లిక్విడ్ రాసి పావుగంట ఆగి ఉతకండి.

ఇక వాసన. మురికి ఎక్కువ ఉందని డిటర్జెంట్ మూత నిండా పోస్తారు. ఇక్కడి హెచ్ఈ (హై ఎఫిషియెన్సీ) మెషీన్లు తక్కువ నీళ్లతో ఉతుకుతాయి కాబట్టి అదంతా జాడింపులో పోదు, బట్టలోనే ఉండిపోతుంది. మామూలు లోడుకు 2 టేబుల్ స్పూన్లు చాలు. 'ఫ్రీ అండ్ క్లియర్' లాంటి సెంటు లేని రకం కొనండి, బట్టలు మెత్తగా ఉండాలని డ్రయ్యర్‌లో వేసే సెంటు కాగితాలు, అంటే డ్రయ్యర్ షీట్లు మానేయండి. వాటి పూత వల్ల తువ్వాళ్లు తడి సరిగ్గా పీల్చవు. ఉమ్మడి లాండ్రీ వాడేవాళ్లకు పక్కవాళ్ల షీట్ల వాసన అంటుకుంటుంది. బట్టలు వేసేముందు డ్రమ్ములోపల తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు తగ్గుతుంది. సెకండ్‌హ్యాండ్ బట్టలైతే బేకింగ్ సోడా కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచి ఉతకండి.

ఎంత విసుగొచ్చినా క్లోరిన్ బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా గానీ కలపకండి. విషవాయువు పుడుతుంది. అలాగే తలంటుకు, పసిబిడ్డ మాలిష్‌కు వాడిన నూనె తువ్వాళ్లను నూనె పోకుండా డ్రయ్యర్‌లో వేయకండి. మిగిలిన నూనె వేడెక్కి వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది, తీసి కుప్పగా పడేశాక కూడా.

ఇండియా నుంచి వచ్చిన పట్టుచీరల్లోని కలరా ఉండల వాసనకు సబ్బు పనిచేయదు. వాటిలోని నాఫ్తలీన్ నీళ్లలో దాదాపుగా కరగదు, గాలికి ఆవిరై పోవాల్సిందే. గాలి ఆడే గదిలో చీరను మడత విప్పి, నీడలో కొన్నిరోజులు వేలాడదీయండి. జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పసిపిల్లలకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు చితికి కామెర్లు రావచ్చు. కాబట్టి వాసన పూర్తిగా పోయేదాకా ఆ చీరతో బిడ్డను ఎత్తుకోకండి, అమ్మమ్మ పంపిన పాత చీరల్ని పొత్తిళ్లుగా వాడకండి. ఇకమీదట చీరలను పాత కాటన్ పంచెలో చుట్టి దాచుకుని, అప్పుడప్పుడూ మడతలు మారుస్తూ ఉండండి.