రోబోనా రేడియేషనా అన్నది తర్వాత, ముందు ఆ నడుం నొప్పి సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నకి 68 ఏళ్లు. రాత్రి నాలుగైదుసార్లు యూరిన్‌కి లేస్తున్నారని రెండేళ్లుగా మెడికల్ షాపులో ఇచ్చిన టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. ఈమధ్య పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) 7.8 వచ్చింది. రోబోటిక్ సర్జరీ మంచిదా, రేడియేషనా? మూడు నెలలుగా నడుం నొప్పి కూడా ఉంది. - ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అసలు క్యాన్సర్ అని ఇంకా తేలనే లేదు కదండీ, అప్పుడే ఆపరేషన్ దాకా వెళ్లిపోయారు. మీరు చివర్లో ఒక ముక్క రాసి వదిలేసిన నడుం నొప్పే నాకు ఎక్కువ అనుమానంగా ఉంది. ఈ వయసులో మామూలు అరుగుదల కూడా అయ్యుండొచ్చు, చూడకుండా చెప్పలేను, కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ పాకితే ముందు వెళ్లేది ఎక్కువగా ఎముకలకే. కాళ్లలో పట్టు తగ్గినా, తిమ్మిర్లెక్కినా, యూరిన్ ఆగిపోయినా బామ్ రాసుకుంటూ కూర్చోకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇంకోటి, డ్యూటాస్టెరైడ్ ఆర్నెల్లు దాటి వాడితే పీఎస్ఏని సుమారు సగానికి తగ్గించి చూపిస్తుంది. అంటే మీ 7.8ని మేం 15 పైనే అనుకుని చూడాలి. షాపులో చీటీ లేకుండా ఇచ్చినాయనకి ఇది తెలీదు, రేపు రిపోర్ట్ చూసే డాక్టర్‌కి మీరు చెప్పకపోతే ఆయనకీ తెలీదు. అందుకే వెళ్లేటప్పుడు ఆ ఖాళీ స్ట్రిప్ జేబులో పెట్టుకెళ్లండి. అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపేయొద్దు, యూరిన్ బిగుసుకుపోవచ్చు. రెండేళ్లలో ఒక్కసారైనా యూరాలజిస్ట్‌కి చూపించాల్సింది, ఏమనుకోకండి.

యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా పీఎస్ఏ పెరుగుతుంది కాబట్టి ముందు కల్చర్ చేయిస్తారు. తర్వాత మలద్వారంలోంచి వేలితో ప్రోస్టేట్ పరీక్ష (సిగ్గుపడొద్దని నాన్నగారికి చెప్పండి, నిమిషం పని), ఎంఆర్ఐ, అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). అందులో వచ్చే గ్లీసన్ స్కోర్ (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె), స్కాన్ చూశాకే ట్రీట్‌మెంట్ మాట. 6 వచ్చి గ్రంథి దాటకపోతే చాలామందికి వెంటనే ఏమీ చెయ్యం, పీఎస్ఏ చూస్తూ కనిపెట్టుకుని ఉంటాం. అంతకంటే ఎక్కువుండి గ్రంథిలోనే ఉంటే సర్జరీ, రేడియేషన్ రెండూ ఇంచుమించు సమానమే, రోబో అనేది పనిముట్టు, చేసే సర్జన్ అనుభవం ముఖ్యం. ఎముకలకి పాకి ఉంటే ముందు హార్మోన్ ఇంజెక్షన్లు లేదా వృషణాలు తీసే చిన్న ఆపరేషన్, తోడుగా అబిరాటెరోన్ లాంటి మాత్రలు. పూర్తిగా పోకపోయినా చాలామందిలో ఏళ్ల తరబడి అదుపులో ఉంటుంది.

మీ వయసు రాయలేదు. నాన్నగారికి క్యాన్సరే అని తేలితే, 45 దాటాక మీరూ డాక్టర్‌ని అడిగి పీఎస్ఏ చేయించుకోండి.