టెక్సస్ హౌస్ సీటుకి పోటీ చేస్తున్న కన్జర్వేటివ్ అభ్యర్థి కోసం తిరగడం దండగేనా?

మీరు అడిగింది ఇది: మీ నియోజకవర్గంలో టెక్సస్ హౌస్‌కి, అంటే రాష్ట్ర శాసనసభలో దిగువ సభకి, ఒక కన్జర్వేటివ్ అభ్యర్థి నిలబడ్డారు, వాలంటీర్‌గా వెళ్ళాలని మీకు ఉంది, రాష్ట్రం సీటుకి అంత శ్రమ దండగని ఇంట్లో అంటున్నారు.

డాలస్‌కి ఉత్తరాన ఒక సీటులో రిపబ్లికన్ ప్రైమరీకి, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకి, నేను అలాగే తిరిగాను. దండగ కానే కాదండీ. ప్రాపర్టీ ట్యాక్స్ రూల్స్, బడులకి వచ్చే నిధులు తేలేది వాషింగ్టన్‌లో కాదు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో. హౌస్‌లో 150 మంది సభ్యులు, ఒక్కొక్కరికి సుమారు 1,94,000 మంది జనం. నెలకి 600 డాలర్ల జీతం. మామూలు సమావేశాలు రెండేళ్ళకోసారి, 140 రోజులకి మించవు. అందుకే చాలామందికి వేరే ఉద్యోగమో వ్యాపారమో ఉంటుంది. మీరు వెళ్ళి ఎదురుగా కూర్చుని మాట్లాడగలిగేంత దగ్గరి మనుషులు వాళ్ళు.

రిపబ్లికన్లకి పట్టున్న సీట్లలో అసలు పోటీ నవంబరులో కాదు, మార్చి ప్రైమరీలో. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మేలో మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ ఓటింగ్, అదే రన్ఆఫ్. 2024లో అప్పటి స్పీకర్ డేడ్ ఫీలన్ మార్చిలో రెండో స్థానంలో ఉండి, రన్ఆఫ్‌లో 400 కన్నా తక్కువ ఓట్ల తేడాతో బయటపడ్డారు. స్పీకర్‌కే ఆ పరిస్థితి వచ్చిందంటే, మీ వీధిలో నాలుగిళ్ళ వాళ్ళు వెళ్ళి ఓటేయడం ఎంత పెద్ద విషయమో చూడండి.

ప్రైమరీలో ప్రతి ఒక్కరూ కన్జర్వేటివ్‌నే అంటారు. కాబట్టి ఆ మాట దగ్గర ఆగకుండా, ఏ బిల్లుకి ఎటు ఓటేస్తారో అడగండి. ప్రైవేటు బడి ఫీజులకి ప్రభుత్వ సొమ్ము ఇచ్చే వోచర్ పథకాన్ని 2023 నవంబరులో ఆపిన వాళ్ళలో 21 మంది రిపబ్లికన్లు ఉన్నారు, ఎక్కువమంది పల్లె ప్రాంతాల వాళ్ళు. అక్కడ పబ్లిక్ స్కూలే ఊరికి పెద్ద ఉపాధి. 2024 ప్రైమరీల్లో గవర్నర్ గ్రెగ్ అబాట్ వాళ్ళలో చాలామందికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు, పలువురు ఓడిపోయారు, 2025లో ఆ చట్టం వచ్చింది. రెండు వైపులా ఉన్నది కన్జర్వేటివ్‌లే. మీ అభ్యర్థి ఇందులో ఎటు, ఎందుకు అన్నది తెలుసుకున్నాకే ఆయన తరఫున తలుపు తట్టండి.

ఇంటింటికీ తిరిగినప్పుడు నాకు ఎక్కువగా ఎదురైంది ట్యాక్స్ ప్రశ్నే. స్కూల్ ట్యాక్స్‌లో హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే మనం ఉండే సొంత ఇంటి విలువలో ట్యాక్స్ పడని భాగం, 2023లో 1,00,000 డాలర్లకి, 2025లో 1,40,000కి పెరిగింది. అయినా బిల్లు ఎందుకు తగ్గలేదని అడుగుతారు. ఇంటి అప్రైజల్ (ట్యాక్స్ కోసం కట్టే విలువ) పెరగొచ్చు, సిటీ, కౌంటీ ఎవరి రేటు వాళ్ళు వేస్తారు. ఇది ఓపిగ్గా విడమరిచి చెప్పగల అభ్యర్థి మీద నాకు గురి కుదురుతుంది. ట్యాక్స్ మొత్తం ఎత్తేస్తానని ఊరికే అనేవాళ్ళ మీద కుదరదు.

నా మనసుని నొప్పించింది మాత్రం ఇంకొకటి. మాకు ఇచ్చిన జాబితాలో వెనుకటి ప్రైమరీల్లో ఓటేసిన ఇళ్ళే ఉన్నాయి. దాంతో వరసగా మన తెలుగువాళ్ళ ఇళ్ళు దాటుకుంటూ పోయాం. సిటిజెన్‌షిప్ ఉండి కూడా నవంబరులో తప్ప ఓటేయరు కాబట్టి వాళ్ళ పేర్లు అందులో లేవు. మన సమస్య ఎవరూ పట్టించుకోరని అనుకునే ఇళ్ళవి! టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ ఉండదు, ఏ ప్రైమరీలో ఓటేయాలో అప్పుడే ఎంచుకోవచ్చు. మీరు వాలంటీర్‌గా వెళ్తే ఈ ఇళ్ళ తలుపులు కూడా తడతానని ప్రచారం నడిపేవాళ్ళని ముందే అడిగి ఒప్పించండి.

డబ్బు సంగతి జాగ్రత్త. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు విరాళం ఇవ్వొచ్చు, వీసా మీద ఉన్నవాళ్ళు ఇవ్వకూడదు. వీసా వాళ్ళు జీతం లేకుండా సాయం చేయొచ్చు గానీ, ప్రచారం నడిపే నిర్ణయాల్లో తలదూర్చకూడదు. సొంత కన్సల్టింగ్ కార్పొరేషన్ ఉంటే దాని చెక్కు అభ్యర్థికి రాయకండి, చట్టం ఒప్పుకోదు.

ఓటరు నమోదు ఎన్నికకి 30 రోజుల ముందే అయిపోవాలి. ఇంట్లో వాళ్ళది అయిందో లేదో ఈరోజే చూడండి, తర్వాత ప్రచార ఆఫీసుకి ఫోన్ చేసి ఈ శనివారం బ్లాక్ వాకింగ్ (ఇంటింటి ప్రచారం) ఎక్కడో కనుక్కోండి.