ఇష్టమైన బోర్బన్ ఏదో తేల్చుకోవడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సిన్సినాటిలో ఉంటున్న ఎనిమిది మంది తెలుగు మిత్రులం మేము. ఒహాయో నది దాటితే కెంటకీ రాష్ట్రమే కాబట్టి, అక్కడి డిస్టిలరీలు చూసి వచ్చిన ఉత్సాహంతో నెలకొకసారి కలుసుకుని బోర్బన్ విస్కీ రుచి చూస్తున్నాము. అయితే “నీకు బాగా నచ్చింది ఏది?” అని ఎవరైనా అడిగితే నేను ప్రతిసారీ వేరే పేరు చెబుతున్నాను. ఇది తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?
— ఒక పాఠకుడు, సిన్సినాటి

జవాబు: ప్రతిసారీ పేరు మారుతోందంటే అది మీ నాలుక లోపం కాదు. ఒక సీసాకూ మరో సీసాకూ మధ్య ధాన్యం, ఘాటు, వయసు మూడూ ఒకేసారి మారిపోతుంటే, వాటికి తోడు లేబులూ ధరా కళ్ల ముందే ఉంటే, నచ్చినది దేనివల్ల నచ్చిందో చెప్పడం ఎవరికైనా కష్టమే. కాబట్టి నచ్చిన సీసా కోసం వెతకడం కొంతకాలం ఆపి, నచ్చిన గుణం ఏదో ముందు పట్టుకోండి.

అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ ఆ దేశంలోనే తయారు కావాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపలివైపు బొగ్గు పొర ఏర్పడేలా కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే దానిని నిల్వ చేయాలి. పీపాలో పోసేటప్పుడు అది 125 ప్రూఫ్, అంటే 62.5 శాతం ఆల్కహాలు, మించకూడదు. అందరూ కొత్త పీపాలే వాడాలి కాబట్టి వెనిలా, బెల్లం పాకం, లవంగం వంటి వాసనలు అన్ని బోర్బన్లలోనూ ఏదో ఒక పాళ్లలో ఉంటాయి. వీటిలో చాలా భాగం ఓక్ చెక్కలోని పదార్థాలు మంట వేడికి విడిపోయినప్పుడు పుట్టినవే. అసలు తేడా మొక్కజొన్న తరువాత వేసే రెండో ధాన్యంతో మొదలవుతుంది. ఎక్కువ కంపెనీలు రై అనే ధాన్యం వాడతాయి, దానివల్ల మిరియాల వంటి కారం వస్తుంది. కొన్ని కంపెనీలు రైకి బదులు గోధుమ వేస్తాయి, అవి మెత్తగా, కాస్త తియ్యగా అనిపిస్తాయి.

ఈ తేడాను పట్టుకోవడానికి ఖరీదైన సీసాలు అక్కరలేదు. మొదటి జతగా మేకర్స్ మార్క్, బఫెలో ట్రేస్ తీసుకోండి. రెండూ 90 ప్రూఫ్ కనుక ఘాటు సమానం. మేకర్స్ మార్క్‌లో ఉన్నది 16 శాతం గోధుమ, బఫెలో ట్రేస్‌లో ఉన్నది రై, అయితే దాని పాళ్లను ఆ కంపెనీ వెల్లడించదు. రెండో జతగా ఇవాన్ విలియమ్స్ బాటిల్డ్ ఇన్ బాండ్, ఫోర్ రోజెస్ సింగిల్ బ్యారెల్ తీసుకోండి. ఇవి రెండూ 100 ప్రూఫ్. మొదటిదాని రై 10 శాతం, రెండోదానిది 35 శాతం. ఈ రెండు జతలు పూర్తయ్యేసరికి మీరు గోధుమ పక్షమో, రై పక్షమో చాలావరకు తేలిపోతుంది. వయసు సంగతి చూడాలంటే నాబ్ క్రీక్ తొమ్మిదేళ్లదీ పన్నెండేళ్లదీ పక్కపక్కన పెట్టండి; రెండూ 100 ప్రూఫే కాబట్టి తేడాలో ఎక్కువ భాగం పీపాలో గడిపిన కాలానిదే. వయసు పెరిగేకొద్దీ మేలు అన్న నమ్మకం చాలామందిలో ఉంది కానీ, కెంటకీ ఎండాకాలపు వేడిలో కొత్త ఓక్ పీపా తొందరగా పని చేస్తుంది. పదిహేనేళ్లు దాటిన కొన్నింటిలో వగరు తప్ప నాకేమీ మిగల్లేదు.

ఘాటును పరీక్షించే పద్ధతి ఇంకా తేలిక. మేకర్స్ మార్క్‌కే క్యాస్క్ స్ట్రెంగ్త్, అంటే పీపాలోంచి తీశాక నీళ్లు కలపని రకం ఒకటి ఉంది, అది ఇంచుమించు 55 శాతం ఉంటుంది. దానిని 45 మి.లీ. తీసుకుని 10 మి.లీ. నీళ్లు కలిపితే మామూలు మేకర్స్ మార్క్ ఘాటుకే దిగివస్తుంది. నీళ్లు కలిపినదీ, కలపనిదీ, మామూలుదీ మూడు గ్లాసుల్లో పోసి చూడండి. ఏడాదిపాటు ఇలా రుచి చూసినవారు ఎక్కువ ప్రూఫ్ ఉన్నదాన్నే గొప్పదనుకోవడం మొదలుపెడతారు, ఎందుకంటే నాలుగు గ్లాసుల్లో అదే గట్టిగా మాట్లాడుతుంది. గట్టిగా వినిపించేదే నచ్చినది కావలసిన అవసరం లేదు.

చివరగా, మీ అభిరుచిని మీరే నమ్మాలంటే మూడు గ్లాసుల పరీక్ష చేయండి. రెండు గ్లాసుల్లో ఒకే బోర్బన్, మూడోదానిలో మరొకటి పోసి, ఏది వేరో గుర్తుపట్టమని అడగాలి. ఊహించి చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది. వేర్వేరు రోజుల్లో వరుసగా నాలుగుసార్లు సరిపోవాలంటే ఊహకున్న అవకాశం 81లో ఒకటి మాత్రమే. నీకు ఎంతో ఇష్టమని చెప్పుకున్న సీసాను పక్కనున్న సీసా నుంచి విడదీయలేకపోతే, ఆ రెంటిలో చవకైనదే నీ ఇష్టమైనదని నిర్మొహమాటంగా ఒప్పుకోవడం మంచిది.

ఇలా నాలుగైదు సిట్టింగులు గడిచాక మీ జవాబు ఒక బ్రాండు పేరుగా కాక, “రై ఎక్కువగా, 100 ప్రూఫ్ దగ్గర, ఎనిమిది పదేళ్ల వయసు” అన్న రూపంలో వస్తుంది. ఈ రూపమే ఎక్కువ ఉపయోగం. ఫలానా సీసా దుకాణంలో కనిపించడం మానేసినా, లేబుల్ మీది వయసు అంకె ఎగిరిపోయినా, ఆ గుణాలున్న మరొకటి మీరు వెతుక్కోగలరు.

మరొక్క మాట. పరీక్ష ముగిసేదాకా మంచింగ్ పక్కన పెట్టండి. మిరపకాయ బజ్జీలూ చికెన్ ఫ్రైలూ తిన్న నోటికి రై కారానికీ పచ్చిమిర్చి కారానికీ తేడా తెలియదు. ఉప్పు లేని బిస్కెట్టు, మంచినీళ్లు చాలు. విందు తరువాత చేసుకోవచ్చు.

ప్రశ్న: డాలస్ దగ్గర మా బృందం మొదలై నాలుగేళ్లు దాటింది, ఇప్పుడు మునుపటి ఊపు లేదు. ఒక మిత్రుడు ఎక్కడా దొరకని సీసాలు తెచ్చి వాటి గురించే మాట్లాడతాడు, దాంతో మిగతావాళ్లు తమ సీసాలు బయటికి తీయడానికి సంకోచిస్తున్నారు. డాక్టరు వద్దన్నందువల్ల మద్యం మానేసిన మరో మిత్రుడు ఇక రావడమే మానేస్తానంటున్నాడు. బృందాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సాస్

జవాబు: మీ సిట్టింగ్ రుచి చూసే కూటమిగా మొదలై సీసాల ప్రదర్శనగా మారినట్టుంది. ప్రదర్శనలో గెలిచేది ఎప్పుడూ జేబే కాబట్టి మిగిలినవారికి విసుగు పుట్టడం సహజం. ఆతిథ్యం ఇచ్చేవారు సీసా కాక ఒక ప్రశ్న తేవాలనీ, ఆ ప్రశ్నకు జవాబిచ్చే సీసాలను అందరూ కలిసి కొనాలనీ, వాటి ధరకు మీలో ఎవరికీ ఇబ్బంది కలగని పరిమితి ఉండాలనీ నియమం పెట్టుకోండి.

తాగడం మానేసిన మిత్రుణ్ని ఏ కారణంగానూ వదులుకోకండి. లేబుల్ మూసిన పరీక్షకు ఏ గ్లాసులో ఏముందో తెలిసిన మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి స్వయంగా తాగితే పరీక్ష పాడవుతుంది. పోసేదీ, గ్లాసులకు అంకెలు వేసేదీ, చివర్లో గుట్టు విప్పేదీ ఆయనే కావాలి. ఆయన మీద జాలితో ఇచ్చే పని కాదిది, ఆ రాత్రి అందరికంటే ముఖ్యమైన స్థానం. సీసాలను కాగితంతో చుడితే సరిపోదు: బ్లాంటన్స్ మూత మీది గుర్రమూ, మేకర్స్ మార్క్ మెడ మీది ఎర్ర లక్కా కాగితం దాటి పేరు చెప్పేస్తాయి. వంటింట్లోనే పోసి గ్లాసులు మాత్రమే బయటికి తేవాలి. అందరూ తమ అభిప్రాయం కాగితం మీద రాసిన తరువాతే నోరు విప్పాలి. మొదట మాట్లాడినవారికి ఎండు ఖర్జూరం వాసన వస్తే, ఆ తరువాత అందరికీ అదే వాసన వస్తుంది.

అరుదైన సీసాల మిత్రుడి సంగతికి వస్తే, ఆయన ఉత్సాహం మీ బృందానికి ఆస్తే. ఏడాదికొక సిట్టింగ్ ఆయనకు ఇచ్చి, ఆయన సీసాను లేబుల్ లేకుండా మిగతావాటి మధ్య నిలబెట్టండి. ఉదాహరణకు వేలం ధరలకు పేరుపడిన పాపీ వాన్ వింకిల్, దుకాణంలో దొరికే వెల్లర్ రెండూ కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న బఫెలో ట్రేస్ డిస్టిలరీలో గోధుమ బోర్బన్లుగా తయారైనవే. తేడా ముఖ్యంగా వయసులో, ఎంచుకున్న పీపాల్లో ఉంది. ఆ తేడాకు ఎంత ఇవ్వవచ్చో గ్లాసులే చెప్పనివ్వండి. ఆయన గెలిచినా ఓడినా ఆ రాత్రి చర్చ మాత్రం బాగుంటుంది.

ఇక ప్రశ్నలకు కొదవ లేదు. ఫోర్ రోజెస్ రెండు ధాన్య మిశ్రమాలనూ అయిదు రకాల ఈస్టునూ కలిపి పది వేర్వేరు విస్కీలు తయారు చేస్తుంది. దుకాణాలు ఎంచుకుని అమ్మే సింగిల్ బ్యారెల్ సీసాల మీద ఓబీఎస్‌వీ, ఓబీఎస్‌క్యూ వంటి నాలుగక్షరాల గుర్తు ఉంటుంది. రెండో అక్షరం ధాన్యానిది, చివరి అక్షరం ఈస్టుది. ధాన్యం ఒకటే ఉండి ఈస్టు మాత్రమే మారిన రెండు సీసాలు దొరికితే, ఈస్టు ప్రభావం ఎంతో ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. నాలుగేళ్ల బృందానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తోచడం లేదు. ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్ అనే బోర్బన్ ఏటా మూడుసార్లు విడుదలవుతుంది. దాని లేబుల్ మీద సీ923 అంటే 2023 తొమ్మిదో నెలలో వచ్చిన మూడో విడుదల. ఒకే పేరు కింద ఏ, బీ, సీ విడుదలలు ఎంత వేరుగా ఉంటాయో చూడడం మరో ప్రశ్న.

1897 నాటి చట్టం కింద వచ్చే బాటిల్డ్ ఇన్ బాండ్ సీసాలతో ఇంకో రాత్రి గడపవచ్చు. అవి ఒకే డిస్టిలరీలో, ఒకే సీజనులో తయారై, కనీసం నాలుగేళ్లు నిల్వ ఉండి, 100 ప్రూఫ్‌లో సీసాకెక్కాలి కనుక పోలిక న్యాయంగా ఉంటుంది, ధర కూడా చాలావరకు అందుబాటులోనే ఉంటుంది. లేబుల్ వెనకవైపు చిన్న అక్షరాలు చదివే రాత్రి ఒకటి పెట్టుకోండి: చాలా కొత్త బ్రాండ్ల విస్కీ ఇండియానా రాష్ట్రపు లారెన్స్‌బర్గ్‌లోని ఒక పెద్ద డిస్టిలరీ నుంచి వచ్చిందని అప్పుడు తెలుస్తుంది. (వైల్డ్ టర్కీ డిస్టిలరీ ఉన్న లారెన్స్‌బర్గ్ వేరు, అది కెంటకీలో ఉంది, ఈ రెండు ఊళ్లనూ కలిపేసి వాదించుకునేవారిని చూశాను.) ఒక్కోసారి చెప్పకుండా ఒక గ్లాసులో జాక్ డేనియల్స్ పోయించండి. మేపుల్ బొగ్గు గుండా వడకట్టి టెనసీ విస్కీగా అమ్మే దానిని ఎంతమంది పట్టుకుంటారో చూడవచ్చు.

పరిమాణం విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. రాత్రికి నాలుగు గ్లాసులు, గ్లాసుకు 15 మి.లీ. మించకూడదు. అంతా కలిపితే మన లెక్కలో ఒక లార్జ్ పెగ్గే అయినా, 60 శాతం బోర్బన్ అయితే అది అమెరికా లెక్క ప్రకారం రెండు డ్రింకులకు సమానం. ఆపైన నాలుక మొద్దుబారుతుంది, రాసే మార్కులకు అర్థం ఉండదు. కారు నడపవలసినవారు రుచి చూసి ఉమ్మివేయాలి, లేదా ట్యాక్సీలో వెళ్లాలి. వీసా మీద ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మద్యం తాగి నడిపినందుకు అరెస్టయితే నేరం రుజువు కాకముందే వీసాను రద్దు చేసే అధికారం అక్కడి విదేశాంగ శాఖకు ఉంది.

ప్రశ్న: అడుగున కొద్దిగా మిగిలిన సీసాలు ఇంట్లో పేరుకుపోయాయి. ఎంతకాలం ఉంటాయి?
— ఒక పాఠకురాలు, చికాగో

జవాబు: చెడిపోవు కానీ, సీసాలో గాలి పెరిగేకొద్దీ వాసన చప్పబడుతుంది. మూడో వంతుకు దిగిన సీసాను కొద్ది నెలల్లో ముగించండి, లేదా చిన్న సీసాలోకి నిండుగా మార్చండి. ఘాటైన ఆల్కహాలు బిరడాను తినేస్తుంది కాబట్టి సీసాను వైన్‌లా పడుకోబెట్టకుండా నిలబెట్టి, ఎండ తగలనిచోట ఉంచాలి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ మంచి బోర్బన్ తెస్తానంటున్నాడు. ఎన్ని సీసాలు తేవచ్చు?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: విమాన ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం భారతదేశానికి తీసుకురావచ్చు. అమెరికా సీసా సాధారణంగా 750 మి.లీ. కాబట్టి రెండు సీసాలు నిశ్చింతగా సరిపోతాయి. మూడోది తెస్తే పరిమితి దాటుతుంది, దానికి సుంకం కట్టాలి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్ దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది కానీ, అది వ్యాపారులు దిగుమతి చేసుకునే సరుకుకు సంబంధించినది. అబ్బాయికి మరో విషయం ముందే చెప్పండి: 70 శాతం ఆల్కహాలు, అంటే 140 ప్రూఫ్, దాటిన సీసాను విమానంలో చేతి సంచీలోనూ పెట్టెలోనూ అనుమతించరు. పీపాలోంచి నేరుగా సీసాకెక్కించే బోర్బన్లలో కొన్ని ఆ గీత దాటుతాయి కనుక, కొనేముందు లేబుల్ మీది అంకె చూసుకోమనండి.