గ్రామంలో సేవ చేసినవారిని సన్మానించాలంటే: ముందు పత్రం, తరువాత పేరు

ఊరికి సేవ చేసి, యువతను ముందుకు నడిపించిన స్థానిక నాయకులను మీ యువజన సంఘం తరఫున జనవరిలో సన్మానించాలనుకుంటున్నామని రాశారు. ఎంపిక రాజకీయం కాకుండా ఎలా చూసుకోవాలో, కార్యక్రమం శాలువాలు కప్పే తంతుగా మిగిలిపోకుండా ఏం చేయాలో చెప్పమని అడిగారు. కృష్ణా డెల్టాలోని మా గ్రామంలో ఇటువంటి కార్యక్రమం నిర్వహించే సంఘంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. తెలుగు ఉపాధ్యాయుణ్ని కావడం వల్ల సన్మాన పత్రం రాసే బాధ్యత ఏటా నాకే వచ్చేది. కాబట్టి మీ రెండు ప్రశ్నలకూ నా సమాధానం ఆ పత్రం దగ్గరే మొదలవుతుంది: ముందు పత్రం రాయండి, ఆ తరువాతే వ్యక్తిని ఖరారు చేయండి.

మన ప్రాంతంలో సన్మాన పత్రం ఎలా ఉంటుందో మీకూ తెలిసే ఉంటుంది. ‘ఓ సేవాతత్పరా!’, ‘ఓ స్నేహశీలీ!’, ‘ఓ విద్యాభిమానీ!’ అని సంబోధనలు పెట్టి, ఒక్కొక్క దాని కింద నాలుగు సమాసాలు పేర్చి, చివర ‘ఇట్లు, గ్రామస్థులు’ అని ముగిస్తారు. వినడానికి సొంపుగానే ఉంటుంది కానీ, పేరు తీసేసి పక్క ఊరి పెద్దమనిషి పేరు పెట్టి చదివినా ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. అటువంటి పత్రం అందుకున్నవారికి గౌరవం దక్కినట్టూ కాదు, ఎదురుగా కూర్చున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి ఏదైనా తెలిసినట్టూ కాదు. పేరును కాగితంతో మూసి చదివినప్పుడు సభలోని వారు ఇది ఫలానా వారి గురించేనని పోల్చుకోగలిగితే, అప్పుడు అది సన్మాన పత్రం.

ఎటువంటి వాక్యం కావాలో చెప్పడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి తీసుకుంటాను. 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గారు ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చేనేత కుటుంబంలో పుట్టారు. నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పోయడానికి ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించవలసి రావడంతో తల్లి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆ పనిని యంత్రంతో చేయించే మార్గం కనిపెట్టి, దానికి ఆమె పేరుతోనే లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టారు. ఆయనను ‘చేనేత రంగానికి విశేష సేవలందించిన మహనీయులు’ అన్నామనుకోండి, విన్నవారికి ఏమీ మిగలదు. 9,000 సార్లు అన్న మాట చెబితే ఆ పని ఎంత కష్టమో, ఆయన దేన్ని తీసివేశారో ఒక్కసారిగా అర్థమవుతుంది. మీ ఊళ్లో సన్మానం పొందేవారి పని ఇంత పెద్దది కానక్కరలేదు కానీ, దాని గురించి రాసే వాక్యం ఇంత నిర్దిష్టంగా ఉండాలి.

ఇక ఎంపిక విషయం. మా సంఘంలో పేరు ప్రతిపాదించే హక్కు ఊళ్లో ఎవరికైనా ఉండేది, కానీ పేరుతో పాటు ఒక పేజీ రాసి ఇవ్వాలన్నది నియమం. ఆయన లేదా ఆమె చేసిన పని ఏమిటి, దానివల్ల మేలు పొంది ఆ సంగతి స్వయంగా చెప్పగలవారు ఎవరు, ఆ పని ఎప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదా అన్న మూడు సంగతులు ఆ పేజీలో ఉండాలి. కమిటీ సమావేశంలో పేర్లు చెప్పకుండా పేజీలు మాత్రమే చదివేవాళ్లం. చిన్న ఊరు కాబట్టి రెండో వాక్యానికే ఎవరో తెలిసిపోయేదనుకోండి, అయినా చర్చ మనిషి గురించి కాక పని గురించి జరగడానికి ఆ పద్ధతి బాగా ఉపకరించింది.

మీరు భయపడుతున్న రాజకీయం చాలావరకు ఈ పేజీ దగ్గరే ఆగిపోతుంది. ఒక ఏడాది ఒక మాజీ ప్రజాప్రతినిధి పేరును ఆయన వర్గంవారు పట్టుదలగా ప్రతిపాదించారు. వారు తెచ్చిన పేజీ నిండా ఆయన నిర్వహించిన పదవులు, ఆయన హాజరైన ప్రారంభోత్సవాలు తప్ప మరేమీ లేవు. మేలు పొందినవారి పేర్లు రాయమని అదే కాగితాన్ని వెనక్కి ఇచ్చాం. వారు మళ్లీ రాలేదు, గొడవా జరగలేదు. మేము ‘వద్దు’ అని ఉంటే అది రెండు వర్గాల తగాదాగా మారి ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అదే ఏడాది ఒక మాజీ సైనికుడి గురించి వచ్చిన పేజీని ఆయన శిష్యులే రాశారు. ఆయన తెల్లవారుజామున కాలువ కట్ట మీద ఊరి కుర్రవాళ్ల చేత పరుగు తీయించేవారు. పోలీసు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు దగ్గరే చాలామంది వెనుదిరిగి వస్తారని ఆయనకు తెలుసు. అందుకని కట్ట మీద ఆ దూరాన్ని టేపుతో కొలిచి రెండు రాళ్లు పాతించారు. ఆడపిల్లలను చీకటితో బయటికి పంపడానికి ఇళ్లలో ఒప్పుకోకపోతే తన భార్యను వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు, ఆ తరువాత ఆమె కూడా రోజూ కట్ట మీదికి వచ్చి కూర్చునేవారు. రుసుము తీసుకోలేదు. పేజీలోని ఇదంతా ఉన్నది ఉన్నట్టుగానే సన్మాన పత్రంలోకి వచ్చింది, నేను చేసిందల్లా అక్షరదోషాలు దిద్దడమే. భార్య పేరు కూడా పత్రంలో ఉండాలని కమిటీలోని ఒక మహిళా సభ్యురాలు పట్టుబట్టారు. ఆమె మాటే న్యాయమని అందరం ఒప్పుకొని ఇద్దరికీ కలిపి సన్మానం చేశాం.

అయితే రాజకీయాల్లో ఉన్నవారిని మూకుమ్మడిగా పక్కన పెట్టమని నేను చెప్పను. యువతకు అవసరమైన చాలా పనులు పంచాయతీ తీర్మానం లేనిదే జరగవు. ఆటస్థలం కోసం భూమి కేటాయించడం, ఆ స్థలం ఆక్రమణ కాకుండా కాపాడటం, ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసే గ్రంథాలయ పన్నును జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో జమ చేయడం వంటివి సర్పంచి శ్రద్ధ మీద ఆధారపడి ఉంటాయి. అసలు స్థానిక నాయకత్వం అంటే ఏమిటో చెప్పడానికి వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిని చూపిస్తుంటారు. అక్కడ తాగునీరు, పారిశుద్ధ్యం వంటి ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క కమిటీ వేసుకొని గ్రామస్థులే నిర్వహించుకోవడం వల్ల ఊరికి పారిశుద్ధ్యానికి కేంద్రం ఇచ్చిన నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. మీ ఊళ్లో ఇటువంటి ఉమ్మడి పని ఏదైనా జరిగి ఉంటే ఒక్కరిని వెతికి పట్టుకోకుండా ఆ బృందాన్నంతటినీ పిలవండి. మహిళా సంఘాలు, అంబేడ్కర్ యువజన సంఘాలు, రక్తదాన శిబిరాలు పెట్టే అభిమాన సంఘాలు ఎన్నో పనులు కలిసికట్టుగానే చేస్తాయి. వాటిలో అధ్యక్షుడికి మాత్రమే శాలువా కప్పితే మరుసటి ఏడాదికి ఆ సంఘం రెండుగా చీలినా ఆశ్చర్యం లేదు.

సర్పంచుల విషయంలోనే ఇంకొక మాట. మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ పదవుల్లో సగం మహిళలకు రిజర్వు అయి ఉన్నాయి. అయినా సభల్లో సర్పంచి భర్త వేదిక ఎక్కి దండ వేయించుకోవడం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. ఆహ్వాన పత్రిక మీద ఎవరి పేరు ఉందో వారినే వేదిక మీదికి పిలవాలనీ, ప్రతినిధులు అందుకోవడం కుదరదనీ ముందే నియమం పెట్టుకోండి. పంచాయతీ ఎన్నికలు దగ్గరలో ఉండి ప్రవర్తన నియమావళి అమల్లోకి వచ్చే సూచన ఉంటే కార్యక్రమాన్ని వాయిదా వేయడమే మేలు. ఆ సమయంలో పోటీ చేయబోయేవారిని సన్మానిస్తే మీ ఉద్దేశం ఎంత మంచిదైనా ఊరు దాన్ని ప్రచారంగానే చూస్తుంది.

కమిటీలో ఎవరుండాలన్నది మీరు అడగలేదు కానీ, అడగవలసిన ప్రశ్న అదే. ఊరి మధ్య ఇళ్లవారే కూర్చుని ఎంపిక చేస్తే, వాడలో రాత్రిపూట పిల్లలకు ట్యూషన్ చెప్పే డిగ్రీ చదివిన అమ్మాయి పేరు ఎన్నటికీ వారి దాకా రాదు. వారికి ద్వేషం ఉండనవసరం లేదు, ఆ దారిన వెళ్లకపోవడం చాలు. ప్రతి పేట నుంచీ ఒకరు, వారిలో సగం మంది స్త్రీలు, ఇద్దరైనా పాతికేళ్ల లోపువారు ఉండేలా చూడండి. సన్మానం జరిగే క్రమాన్ని కూడా ముందే అక్షరక్రమంలో నిర్ణయించండి, లేకపోతే ఎవరిని చివర పిలిచారన్నది ఊళ్లో నెలల తరబడి చర్చకు వస్తుంది.

ఎంతమందిని సన్మానించాలన్న ప్రశ్నకు నా అభిప్రాయం ఒకరు లేదా ఇద్దరు, తప్పనిసరైతే ముగ్గురు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర అనే మూడంచెల పురస్కారాలు పెట్టి వరుసగా 10,000, 20,000, 30,000 రూపాయల చొప్పున ఇచ్చింది. రెండు లక్షల మందికి పైగా వాలంటీర్లు ఉన్న అప్పటి పెద్ద వ్యవస్థలో అందరినీ ఉత్సాహపరచడానికి అటువంటి అంచెలు పనికి వచ్చి ఉండవచ్చు. గ్రామంలో వరుసగా ఇరవై మందికి శాలువాలు కప్పితే పదకొండో మనిషి పేరు వచ్చేసరికి జనం లేచి వెళ్లిపోతారు. అట్లాగే ‘యువరత్న’, ‘సేవా చక్రవర్తి’ వంటి బిరుదులు సృష్టించే ముచ్చట మానుకోండి. రాజ్యాంగం 18వ అధికరణం రాజ్యం బిరుదులు ఇవ్వడాన్ని నిషేధించింది. పద్మ పురస్కారాలు బిరుదులు కావని చెబుతూనే, వాటిని పేరుకు ముందు గానీ వెనుక గానీ వాడకూడదని సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. మీ సంఘం ప్రభుత్వం కాదు కాబట్టి ఆ నిషేధం మీకు వర్తించదు, కానీ దేశపు అత్యున్నత పురస్కారాలకే లేని తోకలు మన ఊరి సన్మానానికి ఎందుకు?

ఖర్చు దగ్గర చాలా జాగ్రత్త అవసరం. చందా ఇచ్చినవారిని అదే ఏడాది సన్మాన గ్రహీతగా ఎంపిక చేయకూడదన్న నియమం లేకపోతే, కార్యక్రమం రెండో ఏటికే దాతల సన్మానంగా మారిపోతుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన మీ ఊరివారు బడికి గదులు కట్టించి ఉంటే వారికి కృతజ్ఞత చెప్పడం తప్పనిసరి, కానీ అది వేరే రోజున వేరే సభలో చెప్పండి. డబ్బు పంపడం, రోజూ వచ్చి నిలబడటం రెండూ మంచి పనులే అయినా, యువకులు ఈ సభలో చూడవలసింది రెండోది. గాజు జ్ఞాపికలకు, ఫ్లెక్సీలకు పెట్టే సొమ్ము తగ్గించి సన్మానం పొందేవారి పనికే ఇవ్వండి. కబడ్డీ నేర్పే వ్యాయామోపాధ్యాయుడికి ప్రథమ చికిత్స పెట్టె, రాత్రి ఎనిమిదింటి దాకా గ్రంథాలయం తెరిచి ఉంచే పెద్దాయనకు పోటీ పరీక్షల పుస్తకాలు ఇస్తే ఎంత సంతోషిస్తారో మేము చూశాం. శాలువా తప్పదనుకుంటే మంగళగిరి నేత కండువా కప్పండి, ఆ తరువాత ఆయన భుజం మీద అది నిజంగా కనిపిస్తుంది.

సభ నిర్వహణలో చెప్పవలసింది తక్కువే. గ్రహీతలు వేదిక మీద కూర్చోవాలి, ముఖ్య అతిథి ఒక్కరు చాలు, పత్రాన్ని మేలు పొందిన యువతీ యువకుల్లో ఒకరు చదవాలి. తేదీ పనికి తగినట్టు ఉంటే మంచిది. వివేకానందుని జయంతి అయిన జనవరి 12 జాతీయ యువజన దినోత్సవం కాబట్టి మీరు అనుకుంటున్న నెల సరిగ్గానే ఉంది. గ్రంథాలయ సేవకైతే నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు, క్రీడా శిక్షకులకైతే ఆగస్టు 29న వచ్చే జాతీయ క్రీడా దినోత్సవం, పంచాయతీ పనికైతే జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమైన ఏప్రిల్ 24 కూడా ఆలోచించవచ్చు.

సభ ముగిశాక ఆ పేజీలను పారేయకండి. వాటికి సాక్ష్యంగా ఫోటోలు, పత్రికా కథనాలు చేర్చి ఒక దస్త్రంగా ఉంచుకుంటే పై స్థాయి పురస్కారాలకు పేరు పంపేటప్పుడు సగం పని అయిపోయినట్టే. పద్మ పురస్కారాలకు ఇప్పుడు ఎవరైనా ఎవరి పేరైనా కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ప్రతిపాదించవచ్చు. అక్కడ కూడా అడిగేది 800 పదాలకు మించని కార్య వివరణే. పదిహేను నుంచి ఇరవై తొమ్మిదేళ్ల లోపు వారికి జాతీయ యువజన పురస్కారం ఉంది. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారు మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న పలక వేసుకొని దశాబ్దాల పాటు మొక్కలు నాటుతూ తిరిగిన తరువాత 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అటువంటివారి పని గురించి రాయగలిగేది చుట్టుపక్కల ఊరివారే.

చివరగా, సన్మానం వద్దనేవారు ఎదురవుతారు, నిజంగా పనిచేసేవారిలో ఈ సంకోచం మరీ ఎక్కువ. వారిని బలవంతపెట్టకండి. తమ పేరు లేకుండా పని గురించి మాత్రం సభలో చదవవచ్చా అని అడగండి, సాధారణంగా దానికి ఒప్పుకుంటారు. జనవరికి వ్యవధి తక్కువగా ఉందనిపిస్తే ఈ ఏడాది ఒక్కరితోనే మొదలుపెట్టి, ప్రతిపాదనల పేజీలు అడుగుతున్నట్టు పంచాయతీ కార్యాలయం, పాల కేంద్రం, రామాలయం, చర్చి దగ్గర ఈ వారమే నోటీసు అంటించండి.