ఇంజిన్ గంటలను బట్టి ట్రక్కు ఐడ్లింగ్‌ను లెక్కించడం ఎలా?

అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఒక పాత ట్రక్కు ఓడోమీటరులో 5,00,000 మైళ్ళు, ఇంజిన్ మీటరులో 14,000 గంటలు ఉన్నాయనీ, అందులో బండి కదలకుండా ఇంజిన్ నడిచిన సమయం (ఐడ్లింగ్) ఎంతో తెలుసుకోవడం ఎలాగనీ మీరు అడిగారు. మైళ్ళను గంటలతో భాగిస్తే గంటకు సుమారు 36 మైళ్ళు వస్తుంది. ఎక్కువగా హైవేల మీద తిరిగిన బండికి ఇది బాగా తక్కువ. కదిలినప్పుడు సగటు వేగం 50 మైళ్ళనుకుంటే ప్రయాణానికి పట్టినవి 10,000 గంటలే. మిగిలిన 4,000 గంటలు, అంటే దాదాపు 29 శాతం, ఐడ్లింగే. డ్రైవరు క్యాబిన్‌లోనే పడుకున్న రాత్రులలో ఏసీ కోసమో హీటరు కోసమో ఇంజిన్ ఆపకపోవడం దీనికి సాధారణ కారణం. గంటకు 0.8 గ్యాలన్ చొప్పున చూసినా, ఒక్క మైలు ముందుకు సాగకుండానే 3,200 గ్యాలన్ల డీజిల్ ఖర్చయినట్లు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద చిక్కు మసి: ఐడ్లింగ్‌లో పొగ తగినంత వేడెక్కదు కనుక, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉన్న బండ్లలో మసి కాలిపోక ఆ ఫిల్టరులోనే పేరుకుంటుంది. అయితే 50 అన్నది మనం అనుకున్న అంకె మాత్రమే. నగరంలో సరుకు దించే బండికి సగటు 36 కన్నా తక్కువ ఉండటం కూడా మామూలే. ఇంజిన్ కంప్యూటరు సాధారణంగా ఐడ్లింగ్ గంటలను విడిగా నమోదు చేస్తుంది కాబట్టి, బేరం కుదుర్చుకునే ముందు ఆ రిపోర్టు తప్పక తీయించండి.